చేపల గంపలో మల్లెచెండు

గుడివాడలో ఇంజను నీళ్ళు పట్టుకుంటోంది. ఇక్కడి నుంచి పెడన గంట ప్రయాణం. పదకొండేళ్ళుగా ప్రతి శుక్రవారం నా పూలు చేసిన ప్రయాణం ఇది, నేను మాత్రం ఒక్కసారీ చెయ్యనిది. ఒళ్ళో అరిటాకు పొట్లం ఉంది. ఎనిమిది మూరల మల్లెపూలు, మధ్య మధ్య కనకాంబరాలు, చెండులా చుట్టి, తడిగుడ్డ కప్పి, అరటినారతో కట్టినవి. పక్కన సంచిలో ఒక చీర. ఈ సాయంత్రం ఈ చీర మా అక్కకి కడతారు, ఈ పూలు తలనిండా పెడతారు, చేతులనిండా గాజులు వేస్తారు. తరవాత ఒక్కొక్కటీ తీసేస్తారు. తీసెయ్యడానికైనా సరే, అవి పుట్టింటివాళ్ళే తేవాలి. పుట్టింట్లో నేనొక్కణ్ణే మిగిలాను. పదో రోజు ఆదివారం, పూలూ చీరా తీసుకుని స్వయంగా రావలెను అని కులపెద్ద ఆదిశేషయ్యగారు కార్డు రాయించారు. స్వయంగా అన్న మాట కింద గీత గీయించారు. ఊరంతటికీ తెలుసన్నమాట, నేను పంపేవాణ్ణే గాని వెళ్ళేవాణ్ణి కాదని. ఎందుకు వెళ్ళనో మాత్రం ముగ్గురికే తెలుసు. అందులో ఒకరు పోయారు.

తడిగుడ్డ చల్లదనం పంచె దాటి తొడకి తగులుతోంది. నిజానికి చల్లగా లేదు, నా ఒంటి వేడికి గుడ్డ కూడా వెచ్చబడింది. వైశాఖమాసపు ఎండ. కాలవలు కట్టేశారు. అడుగున బురద బీటలు తీసి, ఆ బీటల్లో ఒక పడవ పక్కకి ఒరిగి ఉంది. నీళ్ళు లేనప్పుడు పడవ ఎంత పెద్దదిగా కనిపిస్తుందో. బావ ఉన్న ఇల్లు నాకెప్పుడూ చిన్నదిగానే గుర్తు. మధ్యలో మగ్గం గుంట, గుంటలో నడుం దాకా బావ, ఆయన చుట్టూ మిగిలిన జాగాలో మేం. ఆ గుంట ఇప్పుడు ఖాళీగా ఉంటుంది. గుంటలోనే పోయాడట. తెల్లవారుజామున కూచుని, నాలుగు పేకపోగులు కొట్టి, నేసిన బట్ట మీదికి వాలిపోయాడట. పోగు నడిపే నాడె చేతిలోనే ఉందట. అక్క వెనక గదిలో నుంచి చప్పుడు ఆగిపోవడం విన్నది. మగ్గం ఉన్న ఇంట్లో చప్పుడు కంటే చప్పుడు ఆగిపోవడమే వినిపిస్తుంది. నేను పదేళ్ళు ఆ చప్పుడులో నిద్రపోయాను, అందుకే విజయవాడ వచ్చిన మొదటి రాత్రులు, పనికి కుదిరిన బట్టలకొట్టు అరుగు మీద నిద్ర పట్టలేదు. పట్టకపోతే పూల వాసన గుర్తొచ్చేది. అక్క జడ వాసన. మరువం, కొబ్బరినూనె, వాటి కింద గంజి వాసన. నాకు పదేళ్ళప్పుడు నాన్న పోతే నన్ను ఆ ఇంటికి తెచ్చారు. అక్క అప్పటికి కాపరానికి వచ్చి రెండేళ్ళు. గుమ్మంలో ఆవిడ వెనక దాక్కుని బావని మొదటిసారి చూశాను. జడలోంచి చూశానంటే అబద్ధం కాదు. ఆయన ముఖానికి అడ్డంగా ఒక కనకాంబరం.

అదే పువ్వు. అదే కాకపోవచ్చు, కాని నా లోపల రెండూ ఒకటే. పదకొండేళ్ళ కింద, ఇంకా పూర్తిగా వెలుగు రాని వేళ, వీధిలో నూలుపోగుల పడుగు సాచి గంజి పెడుతున్నాం. తెల్లటి పడుగు, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి. కుంచె బావ చేతిలో, గంజికుండ నా చేతిలో, తెగిన పోగులు ముడివేస్తూ అక్క. వంగినప్పుడు జడలోంచి ఒక కనకాంబరం జారి తడి పడుగు మీద పడింది. ఎవరం చూడలేదు. కుంచె దాని మీదుగా వెళ్ళింది. చూసేసరికి మూరెడు మేర నారింజరంగు చార. బావ కుంచె కింద పెట్టాడు. మెల్లిగా పెట్టాడు, అది బాగా గుర్తు. అక్క దగ్గరికి నడిచి, జడలో పూలు పట్టుకుని లాగి, తెచ్చి నా చేతిలో ఉన్న గంజికుండలో పడేశాడు. పని దగ్గర పూలెందుకు అన్నాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే నేను ఆ మాట అనేవాణ్ణి కాదేమో. అప్పటిదాకా మీరు అన్న నోటితో నువ్వు అన్నాను. నువ్వు పోయాకే నీ గడప తొక్కుతాను, అన్నాను. కుండ కింద పెట్టి, గంజి చేతులతోనే స్టేషనుకి నడిచాను. వెనక నుంచి బావ అన్న మాట వినపడింది. "అప్పుడైనా రా." వెటకారం అనుకున్నాను. పదకొండేళ్ళూ దాన్ని వెటకారంగానే విన్నాను. ఆయన గొంతులో ఏముందో వెనక్కి తిరిగి చూడలేదు కాబట్టి నాకు తెలియదు. చూసింది ఒక్కటే, కుండ కింద పెట్టినప్పుడు గంజిలో తేలుతున్న పూలని అక్క రెండు వేళ్ళతో ఏరుకుంటోంది.

విజయవాడ వచ్చిన మూడో గురువారమో, నాలుగో గురువారమో. గవర్నర్‌పేటలో కొట్టు కట్టేసి వస్తుంటే పూలమ్మే బుల్లెమ్మ బుట్ట ముందు నిలబడ్డాను. మూర కొన్నాను. కొన్నాక తెలిసింది, పూలు కొన్నవాడు ఇంటికి వెళ్తాడని, నాకు వెళ్ళడానికి ఇల్లు లేదని. ఆ పూలు రాత్రంతా నీళ్ళచెంబులో ఉంచి మర్నాడు మధ్యాహ్నం స్టేషనుకి పట్టుకెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద బందరు వైపు బండి కోసం రత్తమ్మ ఖాళీ గంపలతో కూచుని ఉంది. గిలకలదిండి మనిషి. తెల్లవారే బండికి చేపలు తెచ్చి అమ్మి మధ్యాహ్నపు బండికి వెళ్ళిపోతుంది. పెడనలో మా అక్కకి ఇస్తావా అని అడిగితే నవ్వింది. చేపల గంపలో మల్లెపూలా బాబూ అంది. ఇంకెవరూ దొరకలేదు. పెడన స్టేషనులో వాళ్ళతో ఇంటికి కబురు పెట్టు, ఎవరూ రాకపోతే వెనక్కి తెచ్చెయ్యి అన్నాను. ఆ మాట ఎందుకన్నానో అప్పుడు తెలియదు. తరవాత తెలిసింది. అక్క తలలో పువ్వు ఉందంటే బావ ఉన్నట్టు. పొట్లం వెనక్కి రాలేదంటే అందరూ ఉన్నట్టు. నోటితో అన్న మాటని వారానికోసారి పూలతో వెనక్కి తీసుకుంటున్నాను. పైకి అక్క మీద ప్రేమ అనుకున్నాను, అదీ నిజమే. కాని అడుగున భయం ఉంది. నా మాట ఎక్కడో పనిచేస్తోందని, శుక్రవారం తప్పితే అది పూర్తవుతుందని. కిందటేడు రైల్వే సమ్మెలో మూడు శుక్రవారాలు బళ్ళు లేవు. ఆ మూడు వారాలూ అన్నం సయించలేదు. కొట్టులో వాళ్ళు పచ్చకామెర్లేమో చూపించుకోమన్నారు.

బుల్లెమ్మకి మాత్రం నేను పెళ్ళాన్ని ప్రేమించే మొగుణ్ణి. ఆవిడ చెయ్యి పొట్టి, మూర చిన్నదవుతుంది. అదేమిటంటే, నా చెయ్యి సాగితే మీ ఆవిడ జడ సాగుద్దా ఏంటండీ, అనేది. కొలిచాక కొసరుగా నాలుగు పూలు వేసి, ఇది నా తరపున అమ్మగారికి, అనేది. పెళ్ళి కాలేదని నేను చెప్పలేదు. ఒకటి రెండేళ్ళు గడిచాక చెప్పడానికి వీల్లేకపోయింది. ఈ పొద్దున ఎనిమిది మూరలు అడిగితే కొలుస్తూ కొలుస్తూ ఆగింది. ఆదివారం పూట ఇన్ని మూరలా, పెళ్ళిరోజా అండీ, అంది. అవునన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది. ఆలోచిస్తే అబద్ధమూ కాదు. పెళ్ళినాడు పెట్టినట్టే పెడతారు.

బావ పోయిన శుక్రవారానికి ముందు రోజు బుల్లెమ్మ దగ్గర కనకాంబరాలు లేవు, మరువమూ లేదు. అన్నీ తెల్లవే. ఇవి తీసుకోండి, వాసన చూడండి, అంది. నేను ఒక్క క్షణం ఆగాను. ఆ ఆగడం నాకు గుర్తుంది, దాన్ని ఈ తొమ్మిది రోజులూ చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాను. తెల్లవి వద్దనుకున్నాను, అయినా తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నాను? దారిలో ఇంకో పూలమనిషి ఉంది. ఇరవై అడుగులు. శనివారం పొద్దున రత్తమ్మ గంపతో కొట్టు ముందుకే వచ్చి కబురు చెప్పింది. ఆయన పోయాడు బాబూ, నిన్ననే మట్టి చేసేశారు, అంది. ఏడుపు తరవాత వచ్చింది. ఏడుపు కంటే ముందు, రెప్పపాటు ముందు, ఒక ఆలోచన వచ్చింది. ఇక వెళ్ళొచ్చు. అదీ నా మొదటి ఆలోచన. దాన్ని ఎవరూ చూడలేదు. నేను చూశాను. మనిషి లోపల ఎప్పుడూ ఒకడు తలుపు దగ్గరే కూచుని ఉంటాడు కాబోలు, కబురు రాగానే చెప్పులు వేసుకోవడానికి. అందుకే శనివారం వెళ్ళలేదు, ఆదివారం వెళ్ళలేదు. ఆ చెప్పులు వేసుకున్నవాడితో కలిసి నడవడానికి సిగ్గేసింది. కార్డు వచ్చింది కాబట్టి బయల్దేరాను. స్వయంగా.

బండి కదిలింది. కదిలే బండిలోకి ఒక గంప వచ్చింది, గంప వెనక రత్తమ్మ. వెనక పెట్టెలో ఉందట, నీళ్ళకి దిగి కిటికీలో నన్ను చూసిందట. ఎదుటి బల్ల మీద ఉన్న ఇద్దరు ముక్కులు మూసుకుని అవతలికి జరిగారు. ఆవిడ కింద చతికిలబడింది. నా ఒళ్ళో పొట్లం చూసి, ఒంటి వేడికి వడిలిపోతాయి, ఇటియ్యండి, అంది. నేను ఇవ్వకముందే తీసుకుంది. గంపలో తడి గోనెపట్టా ఎత్తి దాని కింద పెట్టింది. పదకొండేళ్ళ అలవాటు ఆ చేతిది. ఒళ్ళు ఒక్కసారి తేలికైంది, వెంటనే భయమేసింది. ఇట్లా ఆవిడ గంపలోనే వెళ్ళిపోతే బాగుండును. ఆవిడ ఇచ్చేస్తుంది. నేను ఇట్లాగే కూచుని బందరు వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంకో బండిలో వెనక్కి వెళ్ళొచ్చు. పంపడం అంటే నాకు తెలిసింది అదే. నేను రాకుండా ఉండటానికి నా బదులు ఏదో ఒకటి రావడం.

నూజెళ్ళ దాటింది. రత్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరితోనో చెబుతున్నట్టు, "ఇంక పెడన కుళాయి కాడ ఆయన ఉండడు," అంది.

ఆయనెవరన్నాను.

"మీ బావగారేనండి. ఎప్పుడూ ఆయనేగా వచ్చేది. ఆయమ్మ ఒక్కనాడు టేషను మొకం చూళ్ళేదు."

ఇంజను కూత వేసింది. నేను విన్నది సరిగా విన్నానా అని ఆ కూత అయ్యేదాకా ఆగాను. ఇన్నేళ్ళూ ఆ ప్లాట్‌ఫారం మీద నేను అక్కని నిలబెట్టాను. ఏ చీర కట్టుకుందో కూడా నాకు తెలుసు. కొంగు తల మీదికి లాక్కుని, ఎండకి కళ్ళు చికిలించి, బండి వైపు చూస్తూ. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కొట్టులో బట్ట కొలుస్తూ ఆ బొమ్మ చూసుకునేవాణ్ణి. ఆ బొమ్మలో అక్కని తీసేసి బావని పెట్టాల్సి వస్తోంది. ఆయన సరిపోవడం లేదు. గుంటలో నడుం దాకా తప్ప నిలబడ్డ బావ నాకు ఎక్కువ గుర్తు లేడు. రత్తమ్మ చెబుతూనే ఉంది. మగ్గం ఆపి వచ్చేవాడట, చేతుల మీద పోగుల నూగుతోనే. కుళాయి కింద పొట్లం విప్పి, నీచువాసన పోవాలని నీళ్ళు చిలకరించి, మళ్ళీ కట్టేవాడట. అయినా పోయేది కాదట. సమ్మెలో బళ్ళు లేని శుక్రవారాలు కూడా వచ్చి ఆ కుళాయి గట్టు మీద కూచున్నాడని స్టేషనులో వాళ్ళు తరవాత ఈవిడకి చెప్పారట. నాకెందుకు చెప్పలేదన్నాను.

"వద్దన్నాడు బాబూ. నేనని తెలిస్తే ఆడు పూలు మానేత్తాడు, పూలు రాని శుక్కురారం ఆయమ్మ మొకం నేను చూళ్ళేను అన్నాడు. మీ గురించి వారం వారం ఒకటే మాట. ఆడు చిక్కాడా, అని."

చిక్కాడా. నువ్వేమనేదానివి అని అడిగాను. కాస్త చిక్కాడని చెప్పేదాన్ని, అంది రత్తమ్మ. చిక్కలేదంటే ఆయనకి బాగుండదని.

గుడ్లవల్లేరు, కవుతరం. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. మినుము పీకేసిన చేలు నల్లగా, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఆయన నా పూలు తీసుకున్నాడు. నేను ఆయన బతికుండాలని పంపిన పూలని, ఆయన పోవాలని నేనన్న మాట గుర్తుంచుకునే, వారం వారం వచ్చి తీసుకున్నాడు. ఐదువందల శుక్రవారాల పైన. అంటే మేమిద్దరం పదకొండేళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నాం, నాకే తెలియలేదు. వెనక్కి తిరిగి చూసి ఉంటే సరిపోయేది. అప్పుడైనా రా అన్నప్పుడు ఆ గొంతు. ఇప్పుడు వినడానికి ప్రయత్నిస్తున్నాను. గంజి వాసన వస్తోంది, కుండ బరువు చేతికి తెలుస్తోంది, మాట వస్తోంది, గొంతు రావడం లేదు. అందులో వెటకారం ఉందా లేదా అన్నది ఇక నేనే తేల్చుకోవాల్సిందే. అప్పుడైనా. ఇప్పుడు రావు సరే, అప్పుడైనా. నేను పోయాకైనా, ఆవిడ ఒక్కతీ ఉంటుంది.

ఆ శుక్రవారం ఏం జరిగిందని అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను. కుళాయి దగ్గర ఎవరూ లేకపోతే రత్తమ్మ పెడనలో దిగిపోయిందట, బండి వదిలేసి. వెనక్కి తెమ్మన్న మాట గుర్తుంది గాని మనసొప్పలేదట. సాలెవీధి వెతుక్కుంటూ వెళ్ళేసరికి అరుగు మీద ఆయన్ని పడుకోబెట్టి ఉన్నారు, వీధంతా జనం. తను దూరంగా నిలబడి పొట్లం ఎవరి చేతికో ఇచ్చింది. విప్పారు. అన్నీ తెల్లపూలు. బావమరిది విజయవాడ నుంచి అప్పుడే పూలు పంపాడు, ఎంత వేళకి అందాయో చూడండి, అని పెద్దలు మెచ్చుకున్నారట. తొడబుట్టినదాని మీద అంత ప్రాణం అన్నారట. చెండు విప్పి ఆయన గుండెల మీద పరిచారట. అప్పటిదాకా ఏడవని అక్క అప్పుడు లేచింది.

"అయ్యి నాయి, అందండి. శుక్కురారం పూలు నాయి, అంది. గుండెల మీదనించి తీసుకోబోతే ఆడోళ్ళు చేతులు పట్టేసుకున్నారు. మతి చెదిరిందన్నారు."

మతి చెదరలేదు. ఆ వీధిలో ఆ మాట అర్థమయ్యేవాడు ఒక్కడే, అతను ఆ పూల కింద ఉన్నాడు.

వడ్లమన్నాడు దాటాక నేను లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. సంచి పట్టుకున్నాను, పూలు గంపలోనే ఉన్నాయి. మరిచిపోయానని అనుకోవచ్చు. నేను మరిచిపోలేదు. పెడనలో బండి రెండు నిమిషాలు ఆగుతుంది. దిగాను, నాలుగడుగులు నడిచాను. వెనక నుంచి, ఇదిగో బాబూ, అన్న కేక. రత్తమ్మ కిటికీలోంచి పొట్లం చాచి ఉంది, ఎప్పుడూ చాచినట్టే. వెనక్కి తిరిగాను. రెండు చేతులా అందుకున్నాను. బండి కదిలింది. చూసుకుంటే పక్కనే కుళాయి. నన్ను అక్కడ ఎవరూ నిలబెట్టలేదు. పెట్టె ఆగే చోటు అది, అంతే.

కుళాయి గట్టు మీద కూచుని పొట్లం విప్పాను. నీచువాసన కొట్టింది, దాని వెనక నుంచి మల్లెల వాసన. నీళ్ళు చిలకరించాను. పోలేదు. చెండు కొస వెతికి పట్టుకుని, మోచెయ్యి నుంచి వేలి చివరిదాకా ఒక మూర కొలిచాను. నా చెయ్యి బుల్లెమ్మ చెయ్యి కంటే పొడుగు. దారం పంటితో కొరికి తెంపాను, ఊడబోయే చివరి రెండు పూలు ముడివేశాను. పోగు ముడి, అక్క నేర్పిందే. ఆ ఒక్క మూరని అరిటాకు ముక్కలో వేరేగా చుట్టాను. పెద్ద పొట్లం పదో రోజుది, వాళ్ళు అడిగింది. ఈ చిన్నది తొమ్మిది రోజుల కిందటి శుక్రవారానిది, ఆవిడకి అందనిది.

వీధిలో పడుగులు లేవు. గుంజలు మాత్రం వరసగా ఉన్నాయి. నడుస్తుంటే అరుగుల మీద మాటలు ఆగిపోతున్నాయి. నా చెప్పుల చప్పుడు విన్నాను, నాకంటే ముందు నడుస్తున్నవాడి చెప్పుల్లా. ఆ ఇంటి అరుగు కింద విడిచాను. గడప ముందు ఆగాను. గడప అరిగి మధ్యలో పల్లమైంది, నేను వెళ్ళేనాటికి అంత లేదు. లోపల చీకటి. గుంట మీద చాప కప్పారు. దాని అవతల, గోడవార, మోకాళ్ళ మీద తల పెట్టుకుని అక్క. జడ సగం నెరిసింది. గాలి నా వీపు మీదుగా నీచువాసన మోసుకుని లోపలికి వెళ్ళింది. తల ఎత్తకుండానే అక్క అడిగింది.

"రత్తమ్మ బండికే వచ్చావా, అప్పయ్యా?"

నేను ఆ అని అనుంటాను. ఒక ముసలావిడ వచ్చి నా చేతిలోంచి చీరా, పెద్ద పొట్లమూ తీసుకుంది. వేళకి తెచ్చాడు పాపం, అంది ఎవరితోనో. రెండో చేతిలో ఆ చిన్నదేమిటి బాబూ, అదీ ఇటియ్యి, అంది.

"అది నాది," అంది అక్క.

గోడవార నుంచే చెయ్యి చాచింది. ఆ చెయ్యి ఇక్కడిదాకా రాదు. మధ్యలో బావ గుంట ఉంది, చాప ఉంది, గడప ఉంది. అప్పుడైనా రా అన్నాడు. కుడికాలు లోపల పెట్టాను. గడప ఇంకా చల్లగానే ఉంది.